కుర్సురా పక్కనే ఘాజీ కథ

విశాఖపట్నం రామకృష్ణా బీచిలో కాంక్రీటు దిమ్మెల మీద నిలిపి ఉంచిన ఐ.ఎన్.ఎస్. కుర్సురాను చూడనివారు మనలో తక్కువే ఉంటారు. సోవియట్ దేశంలో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. మన తొలి నాలుగు జలాంతర్గాముల్లో ఇది చివరిది. 1970ల నడుమ కొంతకాలం తోటి జలాంతర్గాములకు తన విడిభాగాలను అరువిచ్చి మూలన పడింది. 1980లలో మరమ్మతు చేయించుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగింది. మొత్తం 31 ఏళ్ళలో 73,500 నాటికల్ మైళ్ళు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకుంది. తుక్కు కింద పోవలసిన దానిని ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు.

మా పిల్లలిద్దరినీ తీసుకుని ఆ మధ్య వెళ్ళాను. పొడవు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. బయటినుంచి ఎంతో పెద్దదిగా కనిపించేది, లోపల అడుగు పెట్టగానే గొట్టాలు, మీటలు, గడియారాల వంటి మాపకాల మధ్య ఒక మనిషి నడిచే దారిగా మిగులుతుంది. ఒక గదినుంచి మరో గదికి గుండ్రని ద్వారంలోంచి వంగి దూరాలి. పిల్లలకు అదొక ఆట, నడుము నొప్పి ఉన్న నాబోటి వాళ్ళకు పరీక్ష.

అక్కడ వివరించేది నౌకాదళంలో పనిచేసి విరమించినవారే. నీటిపైన ఉన్నప్పుడు డీజిలు ఇంజన్లు నడిచి బ్యాటరీలను నింపుతాయనీ, మునిగాక ఆ బ్యాటరీలతోనే మోటార్లు తిరుగుతాయనీ ఒకాయన చెప్పారు. సుమారు 75 మంది ఇందులో బతికేవారట. టార్పెడోల పక్కనే మంచాలు. ఒంటికి స్నానమన్నది ఒడ్డుకు చేరాకే అన్నంత పొదుపుగా మంచినీళ్ళు. మా అబ్బాయి టార్పెడో గొట్టాలు లెక్కపెట్టాడు: ముందు ఆరు, వెనుక నాలుగు.

1971 యుద్ధంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఏ ఓడనూ ముంచలేదు. ఆ యుద్ధంలో విశాఖ గుర్తుంచుకున్న జలాంతర్గామి వేరు. దాని పేరు ఘాజీ. 1945లో అమెరికా నౌకాదళంలో డయాబ్లో అనే పేరుతో చేరి, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చినది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. అది ఇక్కడే ఉన్నదని నమ్మించే పని ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ చేసింది. డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్‌ఛార్జీల వల్లనని మనవారంటారు, లోపలి పేలుడు వల్లనో తాను పరిచిన మందుపాతర వల్లనో అని పాకిస్తానువారంటారు. లోపలున్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు.

ఆ యుద్ధవిజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఇదే బీచిరోడ్డులో ఉంది. అక్కడ నిలబడి ఈ కథంతా పిల్లలకు చెప్పాను. అబ్బాయి చప్పట్లు కొట్టాడు. పదేళ్ళ అమ్మాయి మాత్రం కొంచెం ఆగి, "మరి వాళ్ళకీ అలాంటి మంచాలే ఉండేవా నాన్నా?" అని అడిగింది.

ఉండేవి. ఘాజీ పొడవు 95 మీటర్లు. డీజిలు ఇంజన్లూ బ్యాటరీలే. టార్పెడో గొట్టాలు కూడా ముందు ఆరు, వెనుక నాలుగు. శత్రుదేశాలు కట్టించుకున్న గూళ్ళు రెండూ ఇంచుమించు ఒకే తీరు. ఒకటి తన మనుషులను దించి ఒడ్డెక్కింది, మరొకటి తన మనుషులతోనే అడుగున ఉండిపోయింది.

విజయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఘాజీ అనుకున్నది జరిగి ఉంటే విక్రాంత్‌లోని వందలాది మంది మనవాళ్ళు పోయేవారు. కానీ పుస్తకంలో యుద్ధం ఒక వాక్యమే. ఆ ఇరుకు దారిలో వంగి నడిచిన పిల్లకు అది మనుషుల సంగతి అయింది. ఇనుము చూపించి ఇంత చెప్పగలిగిన పాఠశాల నేనింకొకటి చూడలేదు.

2024 ఫిబ్రవరిలో మన నౌకాదళం ఘాజీ శిథిలాలను గుర్తించిందనీ, మృతుల పట్ల గౌరవంతో వాటిని తాకలేదనీ పత్రికల్లో వచ్చింది. గెలిచినవారు చేయదగిన పని అదే. మీరు పిల్లలతో కుర్సురాకు వెళ్తే, బయటికి వచ్చాక వాళ్ళను ఒక్క నిమిషం సముద్రం వైపు తిప్పి, ఈ రెండో కథ కూడా చెప్పండి.