ప్రతిలేఖనము - గ్రంథసంపాదనము

అచ్చుకూటములు వ్యాపింపక పూర్వ మాంధ్రదేశమున గ్రంథము గావలసినవాఁడు దానిని వెలకుఁ గొనుట యరుదు. అది యున్న యింటికిఁ బోయి, యెరవు దెచ్చికొని, తాళపత్రములపై గంటముతోఁ దాను వ్రాసికొనియో, లేఖకునిచే వ్రాయించుకొనియో, మాతృక నొప్పగించుటయే నాఁటి వాడుక. ఇట్లు వ్రాసికొనినదానికిఁ 'బ్రతి' యని పేరు. పాణిని ప్రతిశబ్దమునకుఁ గర్మప్రవచనీయసంజ్ఞను బ్రతినిధి ప్రతిదానము లను రెండర్థములందు విధించెను. పుస్తకవిషయమున నీ రెండును సార్థకములే: వ్రాసికొనినది మాతృకకుఁ బ్రతినిధి, ఎరవు దెచ్చినదానికిఁ బ్రతిదానము విధి. రెండవదానిని మఱచినవా రుండఁబట్టియే, పరహస్తగతమైన పుస్తకము మరల రాదను భయము పండితుల యిండ్లలో నంతగా నాటుకొనినది.

తాటియాకుపైఁ జెక్కిన యక్షరములు మసి పూసినఁగాని చక్కఁగాఁ గనఁబడవు. కావున వ్రాయునపుడే తప్పు చూచుకొనుట కష్టము. లేఖకుఁడు గ్రంథాంతమున నొక విన్నపము చేయుట కలదు: చూచినది చూచినట్లు వ్రాసితి ననియు, తప్పులకుఁ దన్ను నిందింపవల దనియు, మెడ వంచి శ్రమపడి వ్రాసినదానిని గాపాడుఁ డనియు. దీనిని గొంద ఱలసత్వమునకు సాకుగాఁ దలంతురు. అది సరి గాదు. అక్షరజ్ఞానమాత్రము గల లేఖకుని తప్పును యతిభంగమో యన్వయలోపమో పట్టియిచ్చును. వైయాకరణుఁడు లక్షణవిరుద్ధ మని దిద్దిన పాఠము నిర్దుష్టముగా నుండుటచే నెవ్వరికిని బట్టువడదు. పూర్వకవి ప్రయోగము దానిక్రింద మఱుఁగుపడిపోవును.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) 1817లో మద్రాసునకు వచ్చి, 1820లో నుద్యోగమునకై కడపఁ జేరెను. పిదప నచ్చట నొక బంగళా కొని, సొంతసొమ్ముతోఁ బండితులను లేఖకులను బోషించి, యొకే గ్రంథమునకుఁ బెక్కు ప్రతులు దెప్పించి, పోల్పించి, పాఠభేదములు గుర్తింపించి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించెను. దీనికై యప్పులపాలు నయ్యెను. 1829లో నాతఁడు ప్రకటించిన వేమన పద్యము లిట్టి పరిశీలనమువలనఁ బుట్టినవే. ఆయన చేసిన మేలు పుస్తకములను బోగుచేయుటకంటె వానిని బ్రక్కప్రక్క నుంచి చదివించుటయం దున్నది. కాని శుద్ధప్రతి చేతికి రాఁగా మూలములవంకఁ జూచువారు తగ్గుదురు. తాటియాకులు పురుగులపాలైన పిమ్మట నా ప్రతిలో నేది పూర్వపాఠమో, యేది పండితుని యూహయో చెప్పుట దుష్కరము.

1869లో నేర్పడిన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమునకు బ్రౌను సేకరణము చేరినది. ఈ భాండాగారమువారును అన్ని గ్రంథములను గొనలేదు. పలువురియొద్ద నున్న తాళపత్రములకుఁ బ్రతులు వ్రాయించుకొనిరి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున వెలువడిన త్రైవార్షిక సూచికలలో నట్టి ప్రతి యే సంవత్సరమున, ఏ యూర నెవరి పుస్తకమునుండి వ్రాయఁబడెనో తెలుపు పంక్తి కనఁబడును. ఆ యొక్క పంక్తి యుండుటచేతనే, పాఠము సందేహాస్పదమైనపుడు మాతృకను వెదకుటకు నే యింటి తలుపు తట్టవలెనో పరిష్కర్తకుఁ దెలియుచున్నది.