ఓడిపోవడానికి ఎన్నేళ్ల గడువు?



కాలేజీ జట్టు ఓడిపోతోంది. కోచ్‌ని ఉంచాలా, తీసేయాలా? ఇందులో రంగూ కులమూ ఎందుకు, స్కోరు చూస్తే చాలదా అంటారు. సరే, స్కోరే చూద్దాం.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో నోటర్ డేమ్ అనే క్యాథలిక్ యూనివర్సిటీ ఉంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడేది కాదు, కోలబంతిని చేతబట్టుకుని పరిగెత్తే ఆట. 2001 డిసెంబరులో కొత్త కోచ్‌గా తీసుకున్న తెల్లాయన బయోడేటాలో అబద్ధాలు బయటపడి, ఐదు రోజులకే దిగిపోయాడు. ఆ తర్వాతే టైరోన్ విల్లింగ్‌హామ్‌కి పిలుపొచ్చింది. ఆ యూనివర్సిటీలో ఏ ఆటకైనా హెడ్ కోచ్ అయిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే.

మొదటి ఏడాది పది గెలుపులు, మూడు ఓటములు. రెండో ఏడాది 5-7. మూడో ఏడాది 6-5. ఒప్పందం ఆరేళ్లది. 2004 నవంబర్ 30న, మూడేళ్లకే తీసేశారు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆయన పని బ్రహ్మాండం, మ్యాచ్ జరిగే శనివారాలే బాగాలేవని క్రీడా విభాగం పెద్ద చెప్పాడు. పదవి దిగిపోబోతున్న యూనివర్సిటీ అధ్యక్షుడు మాత్రం ఈ నిర్ణయానికి సిగ్గుపడ్డానని బహిరంగంగానే అన్నాడు.

ఇప్పుడు లెక్క. విల్లింగ్‌హామ్ 21 గెలిచి 15 ఓడాడు, నూటికి 58. ఆయన ముందు పూర్తికాలం పనిచేసిన బాబ్ డేవీ 35-25, అదీ నూటికి 58. ఆయనకి ఐదేళ్లిచ్చారు. తర్వాత వచ్చిన చార్లీ వైస్‌కి ఏడు మ్యాచ్‌లు కాగానే పదేళ్ల కొత్త ఒప్పందం రాసిచ్చారు. 2007లో ఆయన జట్టు 3-9. అయినా ఉంచారు. 2009 నవంబర్ 30న తీసేసేనాటికి 35-27, నూటికి 56. ఆయనకీ ఐదేళ్లు. డేవీ, వైస్ ఇద్దరూ తెల్లవాళ్లే.

విల్లింగ్‌హామ్ గొప్ప కోచ్ అని నేను వాదించడం లేదు. యూఎస్‌సీ జట్టు చేతిలో మూడేళ్లూ 31 పాయింట్ల తేడాతో ఓడాడు. తర్వాత వాషింగ్టన్ యూనివర్సిటీలో 2008లో పన్నెండుకి పన్నెండూ ఓడాడు. తీసేయడం తప్పా ఒప్పా అనేదాని కన్నా, అదే స్కోరుకి ఒకరికి ఐదేళ్లు, ఒకరికి మూడేళ్లు ఎందుకన్నదే నా ప్రశ్న.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వానో చెప్తాను. పోయినేడు మా కాలేజీలో ఒక గెస్ట్ లెక్చరర్‌ని కొనసాగించాలా వద్దా అనే కమిటీలో నేనూ ఉన్నాను. మన పిల్లాడే. రెండేళ్ల రిజల్ట్స్ బాగాలేవు, అది నిజం. అందరూ సంతకం పెట్టారు, నేనూ పెట్టాను. అంతకుముందు ఆ సీట్లో తొమ్మిదేళ్లు కూర్చున్నాయన రిజల్ట్స్ ఎంతో తీయండి అని అడగలేకపోయాను. అడిగితే, మీవాడని వెనకేసుకొస్తున్నారా మేడమ్ అంటారని భయం. తర్వాత రిజిస్టర్ తీసి చూశాను. ఇద్దరివీ దాదాపు ఒకటే.

ప్రతిభ లేదని మనల్ని బయటికి పంపే గదిలో మనం కూడా కూర్చుంటున్నాం ఇప్పుడు. కూర్చున్నవాళ్లు పెన్ను తీసేముందు పాత రిజిస్టర్ అడగండి. నేను అడగలేదు.

జై భీమ్.