తోరణం దాటి మట్టికోట దాకా

మన స్వర్ణోత్సవ సంచికకు ఖిలా వరంగల్ గురించి రాస్తానంటే ఒక మిత్రుడు, "అది తెలియనివాళ్లెవరున్నారు మన బడిలో?" అన్నాడు. నిజమే. కీర్తితోరణం బొమ్మ చూడనివారు ఉండరు. 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోనూ ఉంది. కానీ తోరణం కింద ఫోటో దిగి వెనక్కి తిరిగిన మనలో మట్టికోట ఎక్కినవాళ్లం ఎందరం?

ముందు తోరణాల సంగతే చెబుతాను. నాలుగు దిక్కులా నాలుగు నిలిచి ఉన్నాయి. వాటి నడుమ కాకతీయులు కొలిచిన స్వయంభూ శివుని గుడి ఉండేది. 1323లో ఉలూఘ్ ఖాన్ (తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్) కోటను పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపితే, ఆయన దారిలో నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతోంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. గుడి నేలమట్టమైంది, తోరణాలు మాత్రం మిగిలాయి.

ఎందుకు మిగిలాయి? "అంత గట్టిగా కట్టారు కనుక" అని చిన్నప్పుడు మనం చెప్పుకునేవాళ్లం. అంత గుడిని కూల్చినవాళ్లకు నాలుగు తోరణాలు ఒక లెక్కా! రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ వంటి చరిత్రకారుల వివరణ నాకు ఎక్కువ నచ్చుతుంది. తోరణాల మీద పూలతీగలు, మొగ్గలు, హంసల వంటివే తప్ప దేవతామూర్తులు లేవు. అందుకని కొత్త పాలకులు అక్కడ మసీదు కట్టినప్పుడు వాటిని ఆ ఆవరణకు హద్దులుగా ఉంచుకున్నారట. ఈసారి వెళ్లినప్పుడు మీరే తలెత్తి చూడండి.

పడమటి తోరణం దాటి కొంచెం వెళితే ఖుష్ మహల్. లోపలికి వాలినట్టుండే గోడలు, లోపల పెద్ద పెద్ద కమానులు. దీన్ని షితాబ్ ఖాన్ కట్టించాడని చాలాకాలం చెప్పుకున్నారు. కట్టడం తీరును బట్టి ఇది తుగ్లకుల నాటి దర్బారు మందిరమని ఇప్పటి పండితులు అంటున్నారు. దగ్గర్లోనే ఏకశిల గుట్ట. ఓరుగల్లు, ఏకశిలానగరం అనే పేర్లు దానివల్లే వచ్చాయంటారు.

ఇక గోడలు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తి చేయించింది. దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, బురుజులు 45. ద్వారాలు నేరుగా ఉండవు, మలుపు తిరిగి లోపలికి వెళ్లాలి. శత్రువు వేగం తగ్గించడానికి పెట్టిన ఆ మలుపే ఈనాటికీ మన ఆటోవాళ్ల వేగాన్ని తగ్గిస్తోంది!

రాతికోట బయట కందకం, దాని అవతల 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. మట్టే కదా అనుకుంటాం. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టిదనాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. ఓరుగల్లును కాచిన మొదటి కవచాల్లో అదొకటి. ఇవాళ దాన్ని చూస్తే చెట్లూ పొదలూ పెరిగిన పొడవాటి దిబ్బలా ఉంటుంది. అక్కడక్కడ మట్టి తవ్వుకుపోయిన గుంతలు కనిపిస్తాయి. రాయి పోతే నలుగురూ గమనిస్తారు. మట్టి పోతే ఎవరికీ పట్టదు.

దీనికి ఖిలాలో ఉండేవాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మన తరగతిలోనే ఖిలా నుంచి నడిచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. కొడుక్కి పెళ్లయితే ఇంకో గది వేసుకోవడం కూడా వాళ్లకు సమస్యే. కోటను కాపాడాలని సభల్లో మాట్లాడే మనం ఆ గది గురించి ఎప్పుడైనా మాట్లాడామా? తరతరాలుగా కోట లోపల సేద్యం చేసుకుంటూ, ఆ రాళ్ల మధ్యే పిల్లల్ని పెంచుకున్నవాళ్లు వాళ్లు. ఏం కాపాడాలన్నా వాళ్లతో కలిసే చేయాలి.

ఉత్సవానికి దూరాల నుంచి వచ్చే మిత్రులు ఒక పూట ముందుగా దిగితే బాగుంటుంది. తెల్లవారుజామున, ఎండ ముదరకముందే మట్టికోట ఎక్కుదాం. గట్టి చెప్పులు వేసుకురండి, ముళ్లు ఎక్కువ. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో మన ఖిలా మిత్రులే చూపిస్తారు.