ఉత్పత్తి, సొల్యూషన్ (టెక్నాలజీ మార్కెటింగ్)

ధర, మోడల్ నంబరుతో విడిగా అమ్మే సర్వరు, ప్రింటరు, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వంటివి ఉత్పత్తులు. కొనేవారి సమస్యను ముందు తెలుసుకుని, దానికి తగిన పరికరాలు, సాఫ్ట్‌వేర్, శిక్షణ, నిర్వహణ కలిపి ఒకే ఒప్పందం కింద అందిస్తే అది సొల్యూషన్. ఉత్పత్తిని పనికి తెచ్చుకునే భారం కొన్నవారిదే. సొల్యూషన్‌లో అందులో పెద్ద వాటా అమ్మినవారిది.

ఉత్పత్తుల నుంచి సొల్యూషన్ల వైపు మళ్లడానికి ప్రసిద్ధ ఉదాహరణ ఐబీఎం. నష్టాల్లో కూరుకున్న ఆ సంస్థను ముక్కలుగా విడదీసే ఆలోచన సాగుతుండగా, 1993లో లూ గెర్‌స్ట్నర్ అధిపతిగా వచ్చారు. అంతకుముందు అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌లో పనిచేసిన ఆయనకు కొనుగోలుదారుల ఇబ్బంది తెలుసు: వేర్వేరు కంపెనీల యంత్రాలను కలిపి నడిపించే దిక్కు వారికి కావాలి. విభజన ఆపి, పోటీదారుల పరికరాలను సైతం చూసుకునే సేవల విభాగాన్ని ఆయన పెంచారు. 2002లో ఐబీఎం ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ కన్సల్టింగ్ విభాగాన్ని కొనుగోలు చేసింది. 2005లో పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసింది.

ప్రింటరుకు ఒక కేబులు జతచేసి సొల్యూషన్ అని ప్రకటించే అలవాటూ పరిశ్రమలో పాకింది. ఫలితానికి జవాబుదారీ ఎవరో ఒప్పందంలో లేనిచోట ఆ మాట అలంకారమే. క్లౌడ్ వచ్చాక సాఫ్ట్‌వేర్ చందాకు దొరుకుతోంది. పాత డేటాను అందులోకి మార్చే పనికి మాత్రం తరచూ వేరే బిల్లు వస్తుంది.