బిందెల వరస

మా అంబాజీపేటలో తాటాకిల్లు అంటుకుంటే కాలవగట్టు నుంచి బిందెల వరస కట్టేవారు. పక్కింటి కప్పు మీది ఆకు లాగి పారేసేవారు. అదే ఊరి ఫైరింజను!

1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండితే, ఆర్పడానికి అమెరికా నిపుణులు రావలసి వచ్చింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపు పేలినప్పుడు అంత వ్యవధి ఎక్కడిదీ? 20 మందికి పైగా బలైపోయారు.

2005లో 108 వచ్చింది, సంతోషమే. కానీ ఆ బండైనా, ఫైరింజనైనా ఎక్కడుంచాలో మనల్నెవరూ అడగరు. అమెరికాలో చిన్న ఊళ్లు కలిసి, తమ పన్నుతో అగ్నిమాపక జిల్లాలు పెట్టుకుంటాయిట. మనకు మాత్రం వింతా? ఇంటిపన్నుతో గ్రంథాలయ పన్ను కట్టడంలేదూ! కొబ్బరిపీచు గుట్టల పక్కనే పిల్లల్ని పడుకోబెట్టుకునే ఊరు మాది. ఇంకో నాలుగు పైసలకు వెనకాడతామా?