ఊకపొయ్యి నుంచి గ్యాస్ టర్బైన్ దాకా

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. నాకు చేతనైన విద్య ఒక్కటే, నిప్పుతో కరెంటు తీయడం. ఆ విద్యకు ఓనమాలు మన బడిలోనే పడ్డాయి. "పొగంటే కాలకుండా పోయిన సొమ్మురా" అనేవారు మా సైన్సు మాస్టారు. ఆ మాటను అర్థం చేసుకోవడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది.

ద్రాక్షారామం పిల్లలకు మొదట తెలిసిన ఇంధనం ఊక. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి పండింది. వరి వెంట మిల్లులు, మిల్లుల వెంట ఊక గుట్టలు వచ్చాయి. రామచంద్రపురం, మండపేట దారుల్లో మిల్లు గొట్టాల నుంచి వచ్చే నల్ల పొగ మనకందరికీ గుర్తే. ఊక బూడిద నల్లగా ఉంటే అందులో బొగ్గు కాలకుండా మిగిలిందని, తెల్లబడితే బాగా కాలిందని లెక్క. దహనశాస్త్రంలో సగం ఆ బూడిద రంగులోనే ఉంది.

తరవాత మన నేల కింద గ్యాసు ఉందని తేలింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బావులు తవ్వింది. ఆ గ్యాసుతో కరెంటు తీయడానికి 1988లో ఏపీ గ్యాస్ పవర్ కార్పొరేషన్ ఏర్పడింది. విజ్జేశ్వరంలో దాని కేంద్రం రెండు దశల్లో 272 మెగావాట్లకు పెరిగింది. 1990లలో జేగురుపాడులో జీవీకే, కాకినాడలో స్పెక్ట్రమ్ కేంద్రాలు లేచాయి. సామర్లకోట, వేమగిరి ఆ తరవాతివి.

వీటి గొప్పతనం ఏమిటంటే ఒకే నిప్పుతో రెండు పనులు చేయించుకోవడం. గ్యాసు మండి మొదట టర్బైన్‌ను తిప్పుతుంది. బయటికొచ్చే గాలి ఇంకా 500 డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. దాన్ని గాలిలో కలిపేయకుండా నీళ్ళను ఆవిరి చేసి ఇంకో టర్బైన్‌ను తిప్పుతాం. ఒక్క గ్యాస్ టర్బైనే అయితే ఇంధనంలో మూడో వంతు కరెంటుగా మారుతుంది. రెండూ కలిస్తే సగం దాకా వస్తుంది. కొత్త యంత్రాలు 60 శాతం దాటాయి. బొగ్గుతో పోలిస్తే యూనిట్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే. బూడిద అసలే ఉండదు.

అయినా ఒక చిక్కుంది. మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్‌తో కలిసి విషవాయువులవుతుంది. మొదట్లో మంటలోకి నీళ్ళో ఆవిరో చిమ్మి చల్లబరిచేవారు. తరవాత గ్యాసును ఎక్కువ గాలితో ముందే కలిపి, పలచగా మండించే బర్నర్లు వచ్చాయి. గాలి తగ్గితే మంట వేడెక్కుతుంది, మరీ ఎక్కువైతే ఆరిపోతుంది. ఆ సన్నటి హద్దు మీద నిలబెట్టడమే మా పని.

అదుపు లేని మంటనూ మనవాళ్ళు చూశారు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి బ్లోఔట్ అయి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గొట్టం చివర పొగ లేదు కదా అని మేం సంబరపడుతుంటాం. ఆ గొట్టం దాకా గ్యాసు ఎవరి ఇళ్ళ పక్కనుంచి వచ్చిందో కూడా లెక్కలో రాయాలి.

2009లో కేజీ డీ6 గ్యాసు రాగానే ఇక కొరత తీరినట్టే అనుకున్నాం. రెండేళ్ళలోనే తగ్గడం మొదలైంది. 2013 మార్చికల్లా ఆ గ్యాసు విద్యుత్ కేంద్రాలకు పూర్తిగా ఆగిపోయింది. దేశంలో 14 వేల మెగావాట్లకు పైగా గ్యాస్ కేంద్రాలు ఖాళీగా మిగిలాయి. నేను పనిచేసిన ఒకచోట యంత్రం మెరుస్తూ ఉండేది, గ్యాసు లేదు. ఊరకే ఉంటే రోటరు వంగుతుంది కాబట్టి అప్పుడప్పుడు తిప్పేవాళ్ళం. కరెంటు ఇవ్వాల్సిన యంత్రం కరెంటు కొనుక్కుని తిరిగేది. రాత్రి డ్యూటీలో ఆ చప్పుడు వింటుంటే మనసు చివుక్కుమనేది. యంత్రం కొనే ముందు ఇంధనం ఎన్నాళ్ళు వస్తుందో గట్టిగా అడగాలన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

ఆ కేంద్రాలకు ఇంకా పనుంది. సాయంత్రం సోలార్ ఆగగానే త్వరగా అందుకోగలిగేవి గ్యాస్ టర్బైన్లే. కానీ గ్యాసు ఒకసారి తీస్తే అయిపోతుంది. ఊక మాత్రం ప్రతి పంటకూ వస్తుంది. కింద నుంచి గాలి ఊదుతూ, వేడి ఇసుకలో మండించే ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లలో ఊక తక్కువ వేడి మీదే బాగా కాలుతుంది. విషవాయువులూ తగ్గుతాయి. ఊకలో అయిదో వంతు దాకా మిగిలే బూడిదలో అధికభాగం సిలికా. దాన్ని సిమెంటులో కలపవచ్చు.

ఇప్పుడు మన బడిలో సైన్సు చెబుతున్న గురువులకు ఒక మనవి. పిల్లల్ని ఒకరోజు దగ్గర్లోని మిల్లుకు తీసుకెళ్ళండి. గుప్పెడు బూడిద చేతిలో పెట్టి, రంగు ఎందుకలా ఉందో అడగండి. మా మాస్టారు మాకు చేసింది అదే.