వెనకసందు వైపు గోడ

బందరు చరిత్ర ఎవరు రాసినా రేవు దగ్గరే మొదలుపెడతారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు పెట్టిన వర్తక స్థావరం, డచ్చివాళ్ళ సమాధులు, 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన పొట్టన పెట్టుకున్న సుమారు 30 వేలమంది. ఆ పుస్తకాల్లో పెరటి చివరి నీళ్ళగది ఉండదు. ఆడవాళ్ళు రోజూ వెళ్ళే చోటు, మరికొందరు ఆడవాళ్ళు రోజూ శుభ్రం చేసిన చోటు చరిత్రకి ఆనలేదు. నేనూ ఆ వైపు చూసింది గోడ గోకవలసి వచ్చినప్పుడే.

అమ్మ ఉంటున్న పెంకుటింట్లో స్నానాల గది, మరుగుదొడ్డి పాడైపోయాయి. అడిగిన మేస్త్రీలు మొత్తం కొట్టేసి కొత్తది కట్టుకోమన్నారు. అంత డబ్బు లేదు. నేనే చేద్దామనుకున్నాను. తాపీ పట్టడం నేర్పింది దివిసీమ నుంచి వచ్చిన ఒక అక్క. 1977 నవంబరు 19 ఉప్పెనకి ఆమెకి ఆరేళ్ళు. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేలమంది పోయిన ఆ ఉప్పెన తర్వాత వాళ్ళ అమ్మ ఆమెని చంకనేసుకుని బందరొచ్చేసింది. ముప్పయ్యేళ్ళుగా ఇళ్ళ పనుల్లో మాలు మోస్తోంది.

గోడ జబ్బు ఆమే చెప్పింది. పాత ఇటుకలు సున్నంతో కట్టినవి. సున్నం చెమ్మని పీల్చుకుని మళ్ళీ బయటికి వదిలేస్తుంది. మధ్యలో ఎప్పుడో పూసిన సిమెంటు ఆ దారి మూసేసింది. నేలలోంచి పైకెక్కిన ఉప్పు లోపలే చిక్కుకుని ఇటుకని తినేసింది. సిమెంటు గీకేసి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక కలిపి పూశాం. గచ్చుకి అయిదడుగులకి అంగుళం వాలు పెట్టమంది. నేను తప్పు పెట్టాను, నీళ్ళన్నీ తూము వదిలేసి గుమ్మంలోకొచ్చాయి. "కొట్టేసి మళ్ళీ పొయ్యండి అమ్మాయిగారూ, ఎండితే చెయ్యలేం" అంది.

మరుగుదొడ్డి గోడ గీకుతుంటే కింద, వెనకసందు వైపు, ఇటుకలతో పూడ్చేసిన చిన్న కంత బయటపడింది. అమ్మనడిగాను.

అమ్మ పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లె. చీకటితోనే కాలవగట్టుకి వెళ్ళాలి, తెల్లారితే సాయంత్రం దాకా ఉగ్గబట్టుకోవాలి. కోడలిగా ఈ ఇంటికొచ్చాక గడియ వేసుకునే తలుపు దొరికింది. "అదే నాకు స్వర్గంలా ఉండేది" అంది. మరి ఆ కంత? "అందులోంచే తీసుకెళ్ళేది. ఆవిడ మొహం నేనెప్పుడూ చూళ్ళేదే."

ఒక స్త్రీ మరుగు ఇంకో స్త్రీ తల మీద తట్టగా మారిన తీరు అది. ఆ తట్ట ఏ కులం తల మీదికి వెళ్ళిందో చెప్పనక్కర్లేదు. ఆ పని మానిపించడానికి 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. కోలారు బంగారు గనుల్లో, తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెళ్తే 2014లో తీర్పొచ్చింది. మా ఇంట్లో మాత్రం ఇటుకలు పెట్టి, సిమెంటు పూసి, మర్చిపోయారు. మర్చిపోవడం మాకు తేలికైంది.

టైల్స్ వేయించి కప్పెయ్యమంది అమ్మ. ఆ జానెడు మేర పూత పూయకుండా ఇటుకలు కనపడేలా వదిలేశాను. మా ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు.

'సొంతంగా' చేసుకున్నానని స్నేహితులకి చెప్పుకున్నాను. సున్నం పాళ్ళు, వాలు, తూకం అన్నీ అక్కవి. అన్నీ తెలిసిన ఆమెని ఏ ఇంటివాళ్ళూ మేస్త్రి అని పిలవలేదు, ఆ కూలీ ఇవ్వలేదు. నేను మేస్త్రి కూలీ లెక్కగట్టి ఇచ్చాను. తీసుకుని, రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మర్నాడు పక్కవీధిలో పనికి వెళ్ళింది, తట్ట మోయడానికే.